పూల మడుల పని ఎందుకు ఆలస్యమవుతోందంటే

వసంతానికి కొత్త పూల మడులు వేయమని మాకు చెప్పినవాళ్లందరికీ నమస్కారం. పని ఎప్పుడు మొదలుపెడతారని రెండు వారాలుగా రోజూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పే బదులు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేల ఇంకా పదునుకు రాలేదు, అంటే తవ్వడానికి తగినంత ఆరలేదు. వచ్చేదాకా పార వేయకూడదని నిర్ణయించుకున్నాం.

దీనికి కారణం నిరుడు మేం చేసిన తప్పు. ఇచ్చిన తేదీ దాటిపోతోందన్న టెన్షన్‌లో ఐదిళ్లలో తడి నేలనే తవ్వేశాం. పైపైన చదును చేశాక మడులు చక్కగా కనిపించాయి, ఇంటివాళ్లూ సంతోషించారు. మూడు వారాలు గడిచేసరికి మట్టి పెళ్లలు పెళ్లలుగా గట్టిపడిపోయింది. పోసిన నీళ్లు పైనే నిలిచాయి, మొక్కల కింది ఆకులు పసుపు తిరిగాయి. ఒక బంతి మొక్కను పీకి చూస్తే వేర్లు ఇంకా కుండీ ఆకారంలోనే ఉన్నాయి. పక్క మట్టిలోకి ఒక్క వేరు కూడా వెళ్లలేదు. ఆ ఐదు మడులూ మా ఖర్చుతో మళ్లీ వేశాం. అయినా రెండు చోట్ల నేల ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. ఆ ఇద్దరికీ ఇంకోసారి క్షమాపణలు చెప్పుకుంటున్నాను.

మంచి మట్టిలో దాదాపు సగం ఖాళీ ఉంటుంది. గాలి, నీరు ఉండేది ఆ సందుల్లోనే, వేర్లు దారి చేసుకునేదీ అక్కడే. తడిగా ఉన్నప్పుడు తవ్వినా తొక్కినా ఆ సందులు మూసుకుపోతాయి. బంకమట్టి అయితే మరీ. ఒక్క పూట తొందరపడితే నేల బాగుపడటానికి ఏళ్లు పట్టవచ్చు.

పదును చూడటం మీకూ తేలికే. జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ముద్దగా నొక్కండి. బొటనవేలితో పొడిస్తే పొడిపొడిగా విడిపోతే పదునుకు వచ్చినట్టు. వేలు దిగి గుంట పడి, ముద్ద అలాగే ఉంటే ఇంకా ఆగాలి. ఇసుక నేల తొందరగా పదునుకు వస్తుంది, బంకమట్టికి చాలా రోజులు ఎక్కువ పడుతుంది. అందుకే ఈసారి ఎవరు ముందు చెప్పారన్న వరుసలో కాకుండా ఎవరి నేల ముందు సిద్ధమైతే వాళ్లింటికి ముందు వస్తాం. మొదట చెప్పినవాళ్లకు ఇది అన్యాయంగా అనిపిస్తుందని తెలుసు. కానీ వరుస తప్పకూడదని తడి నేల తవ్వడం అంతకంటే పెద్ద అన్యాయం.

రెండో ఆలస్యం ఎరువు వల్ల. ఈసారి వచ్చిన పశువుల ఎరువు కుప్పల్లో ఒకటి లోపల ఇంకా వేడిగా ఉంది, అంటే అది మాగలేదు. మాగని ఎరువు వేర్లను మాడుస్తుంది, పైగా అందులోని కలుపు గింజలు బతికే ఉంటాయి. ఇంకో లోడుతో చిక్కుడు గింజల పరీక్ష చేశాం. ఆ ఎరువు కలిపిన కుండీలు మూడు, కలపనివి మూడు పెట్టి గింజలు నాటాం. కలిపిన మూడింట్లోనూ లేత ఆకులు మెలితిరిగి ముడుచుకుపోయాయి. గడ్డి మీద కొట్టే కొన్ని కలుపు మందులు పశువు కడుపులో కూడా విరగకుండా పేడలోకి వచ్చేస్తాయి. ఆకులు ఇలా మెలితిరగడం వాటి లక్షణమే. బంతి, జీనియా, డాలియా, చామంతి అన్నీ వాటికి తట్టుకోలేని కుటుంబంలోవే. ఆ లోడు వెనక్కి పంపాం. పరీక్షకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలు వృథా అని నేననుకోవడం లేదు. ఇప్పుడు మా దగ్గరున్నది పరీక్షలో నిలిచిన కంపోస్టు. దాన్ని 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరిచి, పై 15, 20 సెంటీమీటర్ల మట్టిలో కలుపుతాం.

బంకమట్టిలో ఇసుక కలపమని కొందరు అడుగుతున్నారు. ఇదివరకు మేమూ సరేనన్నాం, ఇక అనం. కొద్దిపాటి ఇసుక కలిస్తే ఆ మట్టి ఎండాక ఇటుకలా బిగుస్తుంది. దానికి కంపోస్టే మందు.

తుంగ, గరిక ఉన్న ఇళ్లలో మిషన్‌తో దున్నం. గరిక కాడ ముక్కలైతే కణుపున్న ప్రతి ముక్కా మళ్లీ మొలవగలదు. తుంగ గడ్డలు భూమిలో దాక్కుని ఉంటాయి, పైన అట్టలు కప్పినా పొడుచుకుని వస్తాయి. చేత్తో ఏరడం తప్ప దారి లేదు. అలాంటి చోట ఒక రోజు పని మూడు రోజులవుతుంది.

తవ్వే ముందు ప్రతి ఇంట్లో నీటి పరీక్ష కూడా చేస్తున్నాం. 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి నీళ్లు నింపి, ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలుస్తాం. 2.5 నుంచి 5 సెంటీమీటర్లు దిగితే పూల మొక్కలకు బాగుంటుంది. అంతకంటే తక్కువైతే ఎత్తు మడి వేద్దామంటాం. అప్పుడు ఖర్చు పెరుగుతుంది కాబట్టి మీరు ఒప్పుకున్నాకే పని మొదలుపెడతాం.

మీ నారు గురించి బెంగ వద్దు. వేర్లు చుట్టుకుపోకుండా పెద్ద కుండీల్లోకి మార్చాం. రోజూ కాసేపు ఆరుబయట ఎండకూ గాలికీ అలవాటు చేస్తున్నాం. జీనియాకు చల్లటి నేల ఎలాగూ పడదు, దానికి ఈ ఆలస్యం మేలే. ఫలానా తేదీకే పని అయిపోవాలనుకునేవాళ్లు చెప్పండి, అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.

ఈలోగా మడి వేయాలనుకున్న చోట ఎవరూ నడవకుండా చూడండి. తప్పదంటే ఒక పలక వేసి దాని మీద నడవండి. రసాయన ఎరువులేవీ ముందుగా చల్లొద్దు. రెండు మూడు రోజులకోసారి ముద్ద పరీక్ష చేసి, వేలితో పొడిచాక ఎలా ఉందో ఫొటో తీసి పంపండి. విడిపోయిన ముద్ద ఫొటో అందిన మర్నాడు మీ ఇంటికి వచ్చి చూస్తాం.