దళారికి రెండువైపులా డబ్బులా?

అయ్యా,

శరణార్థుల పడవలను వెనక్కి తిప్పమని ప్రభుత్వాలే మనుషుల్ని దొంగచాటుగా సరిహద్దులు దాటించే స్మగ్లర్లకు డబ్బివ్వడం సబబేననే వాళ్లున్నారు. 2015 మేలో న్యూజిలాండ్‌కు బయల్దేరిన 65 మందిని ఆస్ట్రేలియా అధికారులు నడిసముద్రంలో ఆపి, ఆరుగురు పడవ సిబ్బందికి సుమారు 32 వేల అమెరికన్ డాలర్లిచ్చి ఇండోనేషియాకు మళ్లించారని ఆరోపణ. ఇండోనేషియా పోలీసులు ఆ నోట్ల ఫొటోలు బయటపెట్టారు. అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ ఎన్నిసార్లు అడిగినా ‘ఇవ్వలేదు’ అని మాత్రం అనలేదు. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ నివేదిక ప్రకారం, ఆ పడవలోని వాళ్లను చాలీచాలని ఇంధనంతో రెండు చిన్న పడవల్లోకి ఎక్కించి పంపారు. ఒకదాంట్లో ఇంధనం అయిపోతే అందరూ రెండో దాంట్లోకి ఎక్కారు. అదీ ఇండోనేషియాలోని రోటే ద్వీపం దగ్గర రాళ్లకు కొట్టుకుంది.

కువైట్ ఏజెంట్లను చూసిన మా కడప వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. వీసా పేరుతో పొలం కుదువ పెట్టించి ఒకసారి గుంజుతారు, అక్కడ ఇరుక్కున్న మనిషిని వెనక్కి రప్పిస్తామని మరోసారి. అలాంటివాడి చేతిలో సర్కారే డబ్బు పెడితే రేపు ఇంకో పడవ నింపడా? సముద్రంలో ప్రాణాలు పోకుండా ఆపడానికేనంటారు, ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు. పడవలు మునిగిన మాట నిజమే, కాదనను. అయితే ఆ సొమ్మేదో ఆశ్రయం కోసం ఇండోనేషియాలో ఏళ్లుగా పడిగాపులు కాస్తున్నవాళ్ల దరఖాస్తులు తేల్చడానికి పెట్టొచ్చు కదా! మన దగ్గర లైసెన్సు లేని ఏజెంటుకు పోలీసులే కమీషన్ ఇస్తే ఊరుకుంటామా?

— ఒక పాఠకుడు, కడప