ఆరో నెల పడగానే కాదు, ఆరు నెలలు నిండాక: మన మహిళా సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ముగ్గుల పోటీలు, బతుకమ్మ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా ఇచ్చాం. ఈ ఏడాది మనం ఎక్కువ సమయం పెట్టింది పసిపిల్లల తిండి విషయం మీద కాబట్టి దాని గురించే వివరంగా చెబుతాం.

ఆగస్టు మొదటి వారంలో, తల్లిపాల వారోత్సవాలప్పుడు, అంగన్‌వాడీలో బాలింతలతో కూర్చున్నాం. బిడ్డకు తిండి ఎప్పుడు మొదలుపెట్టాలంటే దాదాపు అందరూ "ఆరు నెలలకు" అన్నారు. అందరికీ తెలుసులే అని లేవబోతుంటే ఒక అమ్మమ్మ, "మా మనవరాలికి ఐదో నెల పడగానే అన్నప్రాశన చేశాం, ఉగ్గు పెడుతున్నాం" అన్నారు.

చిక్కంతా ఈ లెక్కలోనే ఉంది. జనవరి 10న పుట్టిన బిడ్డకు జూన్ 10కి ఆరో నెల పడుతుంది. ఆరు నెలలు నిండేది మాత్రం జూలై 10కి. అప్పటిదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆడపిల్లకు బేసి నెలలో చేయాలన్న ఆనవాయితీని మేం కాదనలేదు. ఏడో నెల కూడా బేసి నెలే కదమ్మా అన్నాం. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుని "నిజమే" అన్నారు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దని కూడా చెప్పాం.

పళ్లొచ్చాక పెడదామని తొమ్మిది నెలలదాకా ఆగే ఇళ్లూ ఉన్నాయి. అదీ మంచిది కాదు. ఆరు నెలలు దాటితే బిడ్డ ఒంట్లోని ఐరన్ నిల్వలు తగ్గుతాయి, పాలొక్కటే సరిపోవు.

సెప్టెంబరులో, పోషణ మాసంలో, వండి చూపించాం. పప్పు మీది తేట చెంచాతో తీసి వంచితే నీళ్లలా జారిపోయింది. అన్నం, పెసరపప్పు మెత్తగా ఉడికించి, మెదిపి, కాస్త నెయ్యి వేసి వంచితే చెంచాకే అంటుకుని నిలిచింది. తేటతో పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. మొదట రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, తొమ్మిది నెలలు నిండేదాకా రోజుకు రెండు మూడుసార్లు, ఆ తర్వాత మూడు నాలుగుసార్లు పెట్టాలి. రెండేళ్లదాకా, వీలైతే ఆ పైన కూడా, తల్లిపాలు ఆపకూడదు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం కూడా ఆ బిడ్డకే పెట్టాలి, ఇంట్లో పెద్ద పిల్లలకు పంచకూడదు.

ఒక పొరపాటు మనదీ ఉంది. తల్లులనే పిలిచాం. చాలా ఇళ్లలో ముద్ద పెట్టేది నానమ్మలు, అమ్మమ్మలు. వచ్చే ఏడాది వాళ్లనూ పిలుస్తాం. ప్రతి తల్లీబిడ్డ కార్డు మీద ఆరు నెలలు నిండే తేదీని ఎర్ర పెన్నుతో రాసిస్తాం. మీ వీధిలో పసిబిడ్డ ఉన్న ఇల్లు ఉంటే కార్యదర్శికి తప్పక చెప్పండి.