సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పిల్లల వార్డులో మనం చేసింది

సభ్యులందరికీ నమస్కారం. కాలవగట్టున మొక్కలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, రక్తదానం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈసారి ముఖ్యంగా చెప్పాల్సింది పిల్లల వార్డు సంగతి.

వానాకాలం జ్వరాలప్పుడు మా అన్నయ్య మనవణ్ణి ఓ ఆసుపత్రిలో చేర్చాం, డెంగ్యూ. "నొప్పేం ఉండదు నాన్నా" అని చెప్పింది నేనే. సూది దిగాక వాడు సిస్టర్ వైపు కాదు, నా వైపు చూశాడు, ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ప్లేట్‌లెట్ల కోసం రక్తం మళ్లీ మళ్లీ తీయాలి కదా, మర్నాటి నుంచి సిస్టర్ ట్రే చప్పుడు వినపడితే చాలు మంచం కిందకి దూరేవాడు, ముగ్గురం కలిసి అదిమి పట్టుకునేవాళ్లం.

ఆ మాటే మన సమావేశంలో చెబితే అందరిదీ అదే అనుభవం. అసలు తప్పు ఇంట్లోనే మొదలవుతోంది. అన్నం తినకపోతే, అల్లరి చేస్తే "ఉండు, సిస్టర్‌తో సూదేయిస్తా" అని మనమే బెదిరిస్తాం. ఆవిడ వార్డులోకి అడుగుపెట్టకముందే బూచి అయిపోయాక ఎంత నెమ్మదిగా మాట్లాడినా పిల్లవాడు ఎందుకు నమ్ముతాడు?

అందుకే అనుమతి తీసుకుని నెలకో ఆదివారం పిల్లల వార్డుకి వెళ్లాం, కోనసీమలో కొబ్బరాకుకి కొదవేముంది, తీసుకెళ్లి బూరలు, గడియారాలు అల్లి ఇచ్చాం. ఒకరోజు ఆరేళ్ల పాప చెయ్యి వెనక్కి దాచేసుకుంది. సిస్టర్ సూది పక్కనపెట్టి, ముందు తన చెయ్యి చాపి "నాకూ గడియారం కట్టవా?" అంది. పాప ఆకు ముడి జాగ్రత్తగా బిగించింది. అప్పుడు సిస్టర్ "ఇప్పుడు నొప్పి పుడుతుంది, ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు, ఏ చేతికి పెట్టమంటావ్?" అని అడిగింది. పాప ఏడ్చింది, కానీ చెయ్యి మాత్రం లాక్కోలేదు. తర్వాత ప్లాస్టర్ తనే అంటించుకుంది! ఆ ఆకు గడియారం డ్యూటీ దిగేదాకా సిస్టర్ చేతికే ఉంది.

ఇది ఒక్క సిస్టర్ మంచితనం మాత్రమే కాదు. టీకాల నొప్పి తగ్గించడం గురించి 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన వాటిలోనూ ఇది ఉంది: నొప్పి ఉండదని అబద్ధం చెప్పొద్దు, చిన్నపిల్లల్ని అమ్మ ఎత్తుకుని ఉండగా వేయాలి, పాలు తాగే బిడ్డకైతే పాలిస్తూ వేయొచ్చు. కొన్నిచోట్ల సూది వేసేటప్పుడు తల్లిని బయటికి పంపేస్తున్నారు, అది మాత్రం మాకు నచ్చలేదు. ఇంగ్లండులో తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గర ఉండనివ్వాలని, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల గురించి వేసిన ప్లాట్ కమిటీ 1959లోనే చెప్పింది.

సిస్టర్ల బాధ కూడా చెప్పాలి. రాత్రిపూట ఒక్కరే వార్డంతా చూసుకుంటూ, పక్క మంచం దగ్గర సెలైన్ అయిపోతుంటే, ఈ మంచం దగ్గర బుజ్జగించడానికి ఐదు నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? మనం విసుక్కోకుండా ఆ ఐదు నిమిషాలు ఇవ్వాలి.

వచ్చే ఏడాది అంగన్‌వాడీల్లో తల్లులతో ఈ బెదిరింపు మాటల గురించి మాట్లాడాలనుకుంటున్నాం. వార్డుకి ఇద్దరు ముగ్గురమే వెళ్తున్నాం, సరిపోవడం లేదు. ఆకు బూర చేయడం వచ్చిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే కార్యదర్శికి పేరు ఇవ్వండి, ఆకులు మేమే కోసి తెస్తాం.