రాళ్ళ మీద నుంచి ఫిషింగ్ మొదలుపెట్టేవాళ్ళకి మీరు అమ్ముతున్న కిట్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ వాళ్ళకి,

నమస్తే అండి. మీ లైట్ లూర్ ఫిషింగ్ (తేలికైన నకిలీ ఎరలతో చేపలు పట్టడం) కిట్ కొన్నాను. డబ్బా మీద "సముద్రపు రాళ్ళ మీద ఫిషింగ్ మొదలుపెట్టేవాళ్ళకి కావలసినవన్నీ ఇందులోనే" అని పెద్ద అక్షరాల్లో ఉంది, ఆ మాట చూసే కొన్నాను. ఇప్పటికే రెండుసార్లు మీకు చాట్‌లో రాశాను, రెండుసార్లూ ఒకటే జవాబు, ఉప్పునీళ్ళ వల్ల పాడైతే వారంటీ వర్తించదు అని. రెండోసారి అయితే నేను రాసింది పూర్తిగా చదవకుండానే కేసు క్లోజ్ చేసేశారు. అందుకే ఈసారి జరిగింది మొత్తం రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

ముందు రీల్ (దారం చుట్టే చక్రం) సంగతి చెప్తా. మూడోసారి వెళ్ళొచ్చేసరికి లైన్ రోలర్, అంటే లైన్ (గాలపు దారం) మీదుగా పోయే చిన్న చక్రం, తిరగడం మానేసింది, లోపల బేరింగ్ తుప్పు పట్టింది. రోలర్ తిరక్కపోతే లైన్ దాని మీద ఒరుసుకుంటూ మెలిపడిపోతుంది కదా, ఆ తర్వాత విసిరిన ప్రతిసారీ చిక్కే. ఇంటికి రాగానే నేను కడగలేదేమో అని మీ వాళ్ళు అడిగారు. కడిగానండి, ప్రతిసారీ కడిగాను, కిట్‌తో మీరిచ్చిన పుస్తకంలో కడగమని ఒక్క ముక్క లేకపోయినా. డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్ ఎంత బలానికి జారాలో పెట్టుకునే బ్రేకు) బిగించి మంచినీళ్ళు పైపైన పోసి, తుడిచి, ఆరబెట్టి, తర్వాత డ్రాగ్ వదులు చేసి పెట్టాలని నాకు వేరేవాళ్ళు చెప్తే తెలిసింది. సముద్రంలో వాడమని మీరే డబ్బా మీద రాసి, సముద్రంలో వాడావు కాబట్టి వారంటీ లేదు అంటే ఎలాగండి? ఈ ఒక్క ప్రశ్నకి మీరు ఇప్పటిదాకా జవాబివ్వలేదు.

లైన్ గురించి. స్పూల్ (లైన్ చుట్టి ఉండే కండె) అంచు దాకా నిండా చుట్టి పంపారు. సన్న బ్రెయిడ్‌ని (అల్లిన దారాన్ని) అలా నింపితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఒకేసారి ఊడొచ్చి ముడిపడుతుంది, అంచుకి ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు కింద ఆపాలి. మొదటి రోజు నేను విసిరిన దానికన్నా కూర్చుని చిక్కులు విప్పుకున్నదే ఎక్కువ, నాకే చేతకావట్లేదు అనుకున్నా. చివరికి చిక్కు విడక ఒక ఇరవై మీటర్ల దాకా కోసి పడేశాక అప్పుడు సాఫీగా పోవడం మొదలుపెట్టింది. కొత్తవాడికి ఇది ఎలా తెలుస్తుంది చెప్పండి, తప్పు తనదే అనుకుని రాడ్ అటక మీద పడేస్తాడు.

ఇంకోటి, కిట్‌లో లీడర్ (లైన్ చివర కట్టే, ఒరుసుకున్నా తట్టుకునే దారం ముక్క) లేదు. మీ పుస్తకం 4వ పేజీలో జిగ్ హెడ్‌ని (సీసం తల ఉన్న గాలాన్ని) నేరుగా బ్రెయిడ్‌కే కట్టమని బొమ్మ వేశారు. బ్రెయిడ్ లాగితే గట్టిదే గానీ రాయికి ఒరుసుకుంటే నిలవదు, మనం విసిరేదేమో రాళ్ళ సందుల్లోకి, రాళ్ళకి అంటుకుని ఉండే గుల్లలైతే బ్లేడు లాంటివి. పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపు మీరిచ్చిన పది జిగ్ హెడ్‌లలో ఎనిమిది పోయాయి. పోయింది నా వస్తువులే కాదండి, ఆ సీసం, ఆ రబ్బరు పురుగులు, ఆ దారం అన్నీ నీళ్ళల్లోనే ఉండిపోయాయి, నాకు అది చాలా బాధగా అనిపించింది. తర్వాత ఒక మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్ కట్టుకుని వెళ్తే అదే చోట పోయినవి రెండే. ఒక్క మీటరు దారం, ఒక ముడి బొమ్మ, మీ డబ్బాలో వీటికి చోటు లేదా?

డ్రాగ్ "పూర్తిగా బిగించండి" అని రాశారు, అదీ తప్పే. ఇంత సన్న లైన్‌తో పట్టేటప్పుడు లైన్ తెగే బలంలో పావు వంతు నుంచి మూడో వంతు దగ్గర డ్రాగ్ జారేలా పెట్టుకోవాలి, లేకపోతే కాస్త పెద్ద చేప రాయి కిందకి దూరగానే టప్పున తెగుతుంది, నోట్లో గాలంతో ఆ చేప వెళ్ళిపోతుంది.

ఇవన్నీ డబ్బులతో పోయేవి. అసలు నేను ఈ లేఖ రాయడానికి కారణం 7వ పేజీ.

ఆ పేజీలో ఫోటో చూడండి ఒకసారి. ఒకాయన మామూలు రబ్బరు చెప్పులతో, లైఫ్ జాకెట్ లేకుండా, నీళ్ళకి ఆనుకుని ఉన్న అట్టడుగు రాయి మీద సముద్రానికి వీపు పెట్టి నిలబడి చేప చూపిస్తున్నాడు. కింద "నీటికి వీలైనంత దగ్గరగా నిలబడితే తేలిక లూర్ బాగా పనిచేస్తుంది" అని రాసుంది. నేను రెండోసారి వెళ్ళినప్పుడు సరిగ్గా అలాగే నిలబడ్డాను. సముద్రం ప్రశాంతంగానే ఉంది, దాదాపు పావుగంట చిన్న చిన్న అలలే, ఉన్నట్టుండి ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద కెరటాలు వచ్చాయి, మొదటిది మోకాళ్ళ దాకా వచ్చింది, రెండోది నడుం దాకా వచ్చి లాగేసింది, కింద నాచు, కాళ్ళు జారి పడ్డా. మా తమ్ముడు పై రాయి మీద ఉన్నాడు కాబట్టి నా బ్యాగు పట్టీ దొరకబుచ్చుకుని లాగాడు. మోచేయి గుల్లల మీద చీరుకుపోయింది, ట్యాకిల్ బాక్స్ సముద్రంలోకి పోయింది. వాడు ఆ రోజు రాకపోయి ఉంటే ఈ లేఖ ఎవరు రాసేవారో నాకు తెలీదు.

పెద్ద కెరటాలు గుంపుగా, మధ్యలో చాలాసేపు వ్యవధి ఇచ్చి వస్తాయని, అందుకే రాళ్ళ మీదకి దిగకముందు కనీసం ఇరవై నిమిషాలు ఎత్తు మీద నుంచి ఊరికే చూడాలని, రాయి తడిగా ఉందంటే నీళ్ళు అక్కడిదాకా వస్తున్నట్టే లెక్క అని, పోటు మొదలయ్యాక వెనక్కి వెళ్ళే దారి మునిగిపోవచ్చని, ఒంటరిగా వెళ్ళకూడదని, ఇవన్నీ నేను పడ్డాకే నేర్చుకున్నా. అడుగున పట్టు ఉండే బూట్లు, లైఫ్ జాకెట్, ఈ రెండు మాటలు మీ పుస్తకంలో ఎక్కడా లేవు, నేను మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు వెతికాను. లూర్ రంగుల గురించి మాత్రం రెండు పేజీలు ఉంది!

అలాగే రాళ్ళ సందుల్లో దొరికే చేపల్లో స్కార్పియన్ ఫిష్ లాంటివి ఉంటాయి, వీపు ముళ్ళలో విషం ఉంటుంది. తెలియని చేపని ఒట్టి చేత్తో పట్టుకోవద్దని, ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళల్లో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, ఆ చోటుని ముంచి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని రెండు లైన్లు రాయొచ్చు కదా. మీ ఫోటోల్లో అందరూ ఒట్టి చేతులతోనే పట్టుకుని నవ్వుతున్నారు.

నాకు ఈ ఫిషింగ్ మీద కోపం లేదండి, అది స్పష్టంగా చెప్తున్నా. తెలిసినవాళ్ళ దగ్గర మెత్తటి కొన ఉన్న రాడ్ అడిగి తీసుకుని, రెండు గ్రాముల జిగ్ హెడ్‌కి రెండంగుళాల పురుగు గుచ్చి, రాయి పక్కనే వదిలి అడుగు తగిలేదాకా ఆగి మెల్లగా తడుతూ ఉంటే, వేలి కింద లైన్ టిక్‌మని కొట్టింది చూడండి, అరచేయంత కూడా లేదు ఆ చేప, వదిలేశాను కూడా, కానీ ఆ రోజంతా అదే తలుచుకుంటూ ఉన్నా. ఆ సంతోషం కోసమే కదా కొత్తవాళ్ళు మీ డబ్బా కొంటారు. మీ రాడ్ కొన మాత్రం రెండు గ్రాములకి వంగనే వంగదు, లూర్ బరువు 0.5 నుంచి 7 గ్రాములు అని ముద్రించారు గానీ ఐదు గ్రాములు కడితే తప్ప దూరం పోవట్లేదు, అది కూడా చూడండి.

నేను అడిగేది ఇవి. రీల్ మార్చి ఇవ్వండి లేదా కిట్ మొత్తం వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయండి. వారంటీలో ఉప్పునీళ్ళు పనికిరావు అన్నది నిజమైతే డబ్బా మీద సముద్రం అన్న మాట తీసేయండి. 4వ పేజీ సరిచేసి లీడర్ పెట్టండి. 7వ పేజీ ఫోటో మాత్రం కొత్త ముద్రణ దాకా ఆగకుండా వెంటనే మార్చండి, ఇప్పటికే కొన్నవాళ్ళ ఈమెయిల్స్ మీ దగ్గర ఉంటాయి, వాళ్ళందరికీ అలల గురించి ఒక కాగితం పంపండి. డబ్బు ఆలస్యమైనా పర్లేదు, ఇది ఆలస్యం చేయకండి, ఈ వారాంతం కూడా ఎవరో ఒకరు ఆ ఫోటో చూసి అట్టడుగు రాయి మీదకి దిగుతారు.

రోలర్ ఫోటోలు, తెగిన లైన్, 4, 7 పేజీల ఫోటోలు, బిల్లు, మీ రెండు చాట్ జవాబులు జతచేశాను. రెడీమేడ్ జవాబు కాకుండా, రాళ్ళ మీద నిలబడి ఫిషింగ్ చేసిన మనిషి ఎవరైనా మీ ఆఫీసులో ఉంటే వాళ్ళతో ఇది చదివించి జవాబు రాయించండి.

ఇట్లు,
మీ కస్టమర్