గిఫ్ట్ అని రాయిస్తే సుంకం తప్పుతుందా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మన దేశానికి సరుకు పంపని విదేశీ దుకాణాల నుంచి అరుదైన వస్తువులను షిప్పింగ్ ఫార్వర్డర్ల (అక్కడ సరుకు అందుకుని మనకు పంపే మధ్యవర్తుల) ద్వారా తెప్పించుకోవడం ఇప్పుడు అనంతపురం, గుంతకల్లు వంటి ఊళ్లలోనూ మామూలైంది. ఇంకు పెన్నులు, పాత గ్రామఫోను రికార్డులు, చిన్న లోహపు కార్లు కూడబెట్టేవాళ్లు మన జిల్లాలో తక్కువేమీ లేరు. పార్సిల్ మీద గిఫ్ట్ అని రాయిస్తే కస్టమ్స్ సుంకం పడదని వాళ్లలో చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. నేనూ నమ్మాను. ఆ మాట చెల్లని కాలం వచ్చి చాలా ఏళ్లయిందని తెలియజేయడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా నాన్నగారు గుంతకల్లు డివిజన్‌లో లోకో పైలట్‌గా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నుంచి సిమెంటు లోడ్లు లాగిన ఆల్కో డీజిల్ ఇంజన్లంటే ఆయనకు ఇంట్లో మనుషులతో సమానం. ఇంజను కనబడకపోయినా, దాని చప్పుడు విని ఆల్కోనో కాదో చెప్పేవారు. 1962లో అమెరికా నుంచి మొదట మన దేశానికి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు ఆ కుటుంబంలోవే. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో వాటికి పురుడు పోసిన ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానుకుంది. అసలు ఇంజనులో 87వ వంతు ఉండే హెచ్‌ఓ స్కేలు ఆల్కో నమూనా ఒకటి, తయారీ ఎప్పుడో నిలిచిపోయినది, అమెరికాలోని ఒక చిన్న దుకాణంలో మిగిలి ఉందని తెలిసినప్పుడు, విరమణ రోజున దాన్ని ఆయన చేతిలో పెట్టాలనుకున్నాను. ఆ దుకాణం అమెరికా దాటి పంపదు. మన ఊళ్ల నుంచి పచ్చళ్లతో వెళ్లి ఖాళీ సూట్‌కేసుతో తిరిగొచ్చే బంధువులు మాకూ ఉన్నారు గానీ, ఆ నెలలో ఎవరూ వచ్చేలా లేరు. అందువల్ల ఫార్వర్డరును ఆశ్రయించాను.

ఫార్వర్డరు చేసే పని తేలికైనదే. అక్కడి తన గోదాము చిరునామాను, మన పేరున ఒక ప్రత్యేక సంఖ్యతో కలిపి, మనకు ఇస్తాడు. దుకాణం సరుకును అక్కడికి పంపుతుంది. అది చేరాక ఫోటో తీసి చూపించి, మనం రవాణా ఖర్చు చెల్లించిన తర్వాత ఇక్కడికి పంపిస్తాడు. ఆ సంఖ్య రాయడం మరిచితే పార్సిల్ ఎవరిదో తెలియక గోదాములోనే పడి ఉంటుంది. ఇటువంటి గోదాములు ఆరెగాన్, డెలావేర్ రాష్ట్రాల్లో ఎక్కువగా ఉండడానికి కారణం అక్కడ అమ్మకపు పన్ను లేకపోవడమే. జపాన్ సంగతి వేరు: సరుకు ఆ దేశంలోని గోదాముకే చేరుతుంది కాబట్టి, 2019 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న పది శాతం వినియోగ పన్ను కొనుగోలుదారుకు తప్పదు. అంతకన్నా ముఖ్యమైనది, గోదాముకు చేరడంతోనే అమ్మినవాడి బాధ్యత చాలావరకు తీరిపోతుంది. ఆ తర్వాత వస్తువు విరిగినా, పోయినా మన గొడవ ఫార్వర్డరుతోనే.

నేను దెబ్బతిన్న మొదటి చోటు రవాణా ఖర్చు. ఇంజను, దాని పెట్టె కలిపి కిలోన్నర లేదు. కానీ కొరియర్ సంస్థలు అసలు తూకాన్నీ, పెట్టె పరిమాణాన్ని బట్టి కట్టే తూకాన్నీ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగించడం వాటి పద్ధతి. దుకాణం వాళ్లు జాగ్రత్త కోసం వాడిన అట్టపెట్టె 45, 30, 25 సెంటీమీటర్లు. లెక్క కడితే 6.75 కిలోలు, అది అర కిలోకు సవరించేసరికి ఏడు కిలోలు. జానెడు ఇంజనుకు ఏడు కిలోల బిల్లు! బయటి పెట్టె తీసి చిన్న పెట్టెలో సర్దమని ఫార్వర్డరును అడగవచ్చు, నేనూ అడిగాను. అయితే లోపలి కంపెనీ పెట్టెను మాత్రం పారేయవద్దని రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి. సేకరించేవాళ్ల దృష్టిలో అసలు పెట్టె లేని నమూనాకు విలువ బాగా పడిపోతుందని ఆ గోదాములో పనిచేసేవాళ్లకు తెలియాలని లేదు.

ఇక అసలు విషయం. ఫార్వర్డరు ఫారంలో వాణిజ్య సరుకా, గిఫ్టా అన్న గడి ఒకటి ఉంటుంది. తండ్రికి ఇచ్చే కానుకే కదా అని నేను గిఫ్ట్ అని గుర్తు పెట్టాను. తెలిసినవాళ్లు విలువ కూడా తగ్గించి రాయమన్నారు. అది మాత్రం చేయలేదు. పార్సిల్ విమానాశ్రయ కొరియర్ టెర్మినల్‌లో ఆగిపోయింది. ఆధార్ వంటి గుర్తింపు పత్రం, దుకాణం ఇన్‌వాయిస్, కార్డు చెల్లింపు రుజువు అడిగారు, పార్సిల్ నిలిచి ఉన్నన్ని రోజులకూ నిల్వ ఛార్జీ వేశారు. నాన్నగారి విరమణ నెలాఖరున జరిగిపోయింది. ఇంజను పందొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చింది.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. గతంలో ఒక పరిమితి వరకు గిఫ్ట్‌గా వచ్చే సరుకుకు సుంకం మినహాయింపు ఉండేది. 2019 డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నోటిఫికేషన్ ఇచ్చి, ఆన్‌లైన్ దుకాణాల్లో కొన్నవాటితో సహా, పోస్టు ద్వారా గానీ కొరియర్ ద్వారా గానీ గిఫ్ట్ పేరుతో మినహాయింపు కోరుతూ దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు మాత్రమే మినహాయింపు మిగిలింది. పూర్తి సుంకం కడితే కానుక పంపడానికి అడ్డు లేదు. విలువను తగ్గించి చూపిస్తే 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద సరుకును స్వాధీనం చేసుకుని, జరిమానా కూడా వేయవచ్చు. అరుదైన వస్తువు జప్తయితే మరొకటి కొనుక్కోవడానికి అది బజారులో ఉండదు కదా.

సుంకం కట్టే విధానం కూడా చాలామందికి తెలియదు. వస్తువు ధరకు రవాణా, బీమా ఖర్చులు కలిపి విలువ నిర్ణయిస్తారు; దానిమీద మూల సుంకం, ఆ సుంకం మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీ, ఈ మూడింటి మొత్తం మీద ఐజీఎస్‌టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్‌టీ. లెక్క అర్థం కావడానికి మాత్రమే చెబుతున్నాను: విలువ నూరు రూపాయలు, మూల సుంకం ఇరవై శాతం, ఐజీఎస్‌టీ పద్దెనిమిది శాతం అనుకుంటే, సర్‌ఛార్జీ రెండు రూపాయలై, 122 మీద ఐజీఎస్‌టీ దాదాపు 22 పడుతుంది, అంటే నూరుకు నలభై నాలుగు. రవాణా బిల్లు మీద కూడా ఇదే వడ్డన. నేను మొదట ఆ ఖర్చును సుంకం లెక్కలో చేర్చనే లేదు.

సొంత వాడకానికి వచ్చే వస్తువుల మీది ఈ శాతాలు బడ్జెట్లలో మారుతుంటాయి. వివరాలన్నీ ఇంగ్లీషులో, అదీ నోటిఫికేషన్ల భాషలో ఉంటున్నాయి. అనంతపురం, గుంతకల్లు ప్రధాన తపాలా కార్యాలయాల్లో వర్తించే శాతాలను, గిఫ్ట్ నిబంధనను తెలుగులో ఒక కాగితం మీద రాసి పార్సిల్ కౌంటరు దగ్గర అంటించాలని తపాలా, కస్టమ్స్ అధికారులను కోరుతున్నాను. బడ్జెట్ మర్నాడు బంగారం, సెల్‌ఫోన్ల సుంకం ఎంత మారిందో మొదటి పేజీలో వేసే మీ పత్రిక, సొంత వాడకపు దిగుమతుల శాతాన్ని కూడా ఒక వరుసలో వేయగలిగితే నాలాంటి పాఠకులకు మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత లోకో పైలట్ కుమార్తె,
అనంతపురం