తొట్టి చాలని చేపను చెరువులో వదలవద్దు

సంపాదకులకు,

ఏడాదిన్నర క్రితం మా అబ్బాయి ముచ్చటపడితే తిరుపతిలోని ఒక దుకాణంలో చిటికెన వేలంత తెల్ల చేపను కొన్నాను. ఎర్రటి కళ్లు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలు. రెండడుగుల తొట్టి దానికి చాలునన్నారు. అది తోటి చిన్న చేపలను ఒక్కొక్కటిగా మింగి, ఇప్పుడు అడుగు దాటి, వెనక్కు తిరగడానికే తంటాలు పడుతోంది. మొన్న నీళ్లు మార్చబోతే దాని రెక్క ముల్లు వలలో చిక్కుకుంది, విడిపించబోయిన నా బొటనవేలు చీరుకుపోయింది.

విచారిస్తే అది చానల్ క్యాట్‌ఫిష్ అని తెలిసింది. దక్షిణ కెనడా నుంచి ఉత్తర మెక్సికో వరకు నదుల్లో, సరస్సుల్లో పగలు దుంగల చాటున దాగి, చీకటి పడ్డాక ఒళ్లంతా ఉన్న రుచి మొగ్గలతో తిండి వెతుక్కునే ఈ చేప, 1964లో దక్షిణ కరోలినాలో 58 పౌన్లు తూగింది. అక్కడ దీన్ని తినడానికే పెంచుతారు. అందాల తొట్టికి ఎలా ఎక్కించారో నాకు అంతుబట్టదు.

కల్యాణీ జలాశయంలోనో స్వర్ణముఖిలోనో వదిలేయమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో మన దేశం పడుతున్న తిప్పలు చూశాక కూడా ఆ పని చేయడం తప్పు. ప్రతి చేప పూర్తిగా ఎంత పెరుగుతుందో తొట్టి మీద రాయాలనీ, పెరిగిన చేపలను దుకాణాలే తిరిగి తీసుకోవాలనీ మత్స్యశాఖ నిబంధన పెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి