టీ గ్లాసు చేసిన పాపమేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా టీ కొట్టు నడుపుతున్నాను. బజారంతా ఒడియా బోర్డులే అయినా నా కొట్టు బెంచీ మీద ఉండేది తెలుగు పేపరే. ఒక్క పేపరు ఇరవై మంది చదువుతారు, మర్నాడు పకోడీ పొట్లాలకు పోతుంది. ఆ మధ్య ఆరోగ్యం పేజీలో మీరు హెర్పిస్ అనే నీటి పొక్కుల వైరస్ జబ్బు గురించి వేసి, పక్కనే 'సర్పి' అని తెలుగు మాట తగిలించారు. దాంతో నేను పడ్డ తంటా చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

ఎండ ముదిరిందంటే నా మూతి పేలుతుంది. కింది పెదవి కుడి చివర ముందు చురుక్కుమంటుంది. మర్నాటికి ఆవగింజలంత నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయి, తర్వాత చిట్లి చెక్కు కడతాయి. చిన్నప్పటి నుంచీ ఇంతే. వేడి చేసిందిరా అని మా అమ్మ మజ్జిగ తాగించేది. మీ పేపరు వచ్చిన రోజున, రోజూ వచ్చే పెద్దమనిషి ఒకాయన నా మూతి వంక, పేపరు వంక మార్చి మార్చి చూసి, "గురూ, నాకు ఇకనుంచి పేపరు కప్పులో పోయ్" అన్నాడు. ఇంకొకాయన "ఎక్కడ తగిలించుకున్నావో ఏటో, అక్కి రాయించుకో" అని నవ్వాడు. లోపల మా ఆవిడ వింది. ఆ రాత్రి ఇంట్లో అన్నం సయించలేదు.

టెన్షన్ పడలేక చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది విన్నాక, మూడు జబ్బుల్ని ఒకే గాటన కట్టేశామని అర్థమైంది. మనం సర్పి, అక్కి అనేది ఒంటికి ఒక పక్కన పట్టీలా వచ్చేది. అది చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్ మళ్లీ లేవడం. నా మూతిది వేరే వైరస్, హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లెక్క ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలోనే 380 కోట్ల మందికి ఉంది. చాలామందికి పసితనంలోనే, ఇంట్లోవాళ్ల ముద్దుల వల్లే వస్తుందట. అప్పటి నుంచి నరాల్లో నక్కి ఉంటుంది. మందు పుండును త్వరగా మాన్పుతుందే గానీ దాన్ని వెళ్లగొట్టలేదు. మర్మావయవాల దగ్గర వచ్చేది ఎక్కువగా రెండో రకం, కలయికతో అంటేది. నోటి నుంచి ఒకటో రకం కూడా అక్కడికి పాకగలదు. పొక్కు కనబడని రోజుల్లోనూ అంటుకునే వీలుంది. కండోమ్ ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు.

అంటేది చర్మానికి చర్మం రాసుకుంటేనే, లేదా ఉమ్మి తగిలితేనే. బయట పడితే ఆ వైరస్ ఎక్కువసేపు బతకదు. మరుగుదొడ్డి, సబ్బు, దుప్పటి, కడిగిన గ్లాసు, వీటితో రాదు. పుండు పచ్చిగా ఉన్నప్పుడు ఎంగిలి గ్లాసు పంచుకోవద్దన్నారు, అది ఎలాగూ చెయ్యం కదా.

అసలు భయపడాల్సిన చోట మాత్రం ఎవరికీ భయం లేదు. అదే వారంలో ఏరవతల పాతపట్నంలో మా చెల్లెలి మనవడి బారసాల. నేను తుండు మూతికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. "ఏటన్నయ్యా, మనవడ్ని ఎత్తుకోవా?" అని చెల్లెలు మొహం చిన్నబుచ్చుకుంది. నా కళ్లముందే వరసపెట్టి పదిమంది ఆ పసిగుడ్డు బుగ్గలు, మూతి ముద్దాడారు. నెల నిండని బిడ్డకు ఈ వైరస్ అంటితే మెదడుకు, కాలేయానికి పాకి ప్రాణం మీదికి రావచ్చు. పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఈసారి వేసేటప్పుడు 'సర్పి' తీసేసి, ఆ చోటులో ఇది వేయండి.

నా చెక్కు రాలిపోయి పన్నెండు రోజులైంది. ఆ పెద్దమనిషి ఇంకా పేపరు కప్పే అడుగుతున్నాడు. కప్పుకి రూపాయి అదనంగా తీసుకుంటున్నాను.

ఇట్లు,
ఒక టీ కొట్టు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా